వదిన రక్తంలో స్ఫటికాలు

అన్న పోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు, వదిన, ఆడపడుచు. ఆడపడుచు పనిచేసేది ప్రయోగశాలలో. మనిషి రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలతో దాని ఆకారం కనిపెట్టడం ఆమె పని. ఆల్బుమిన్ రక్తంలో మూటలు మోసే కూలీ. మందైనా కొవ్వైనా తన అరల్లో పెట్టుకుని ఒళ్లంతా తిప్పుతుంది.

కొని తెచ్చిన ప్రొటీన్ ఎంతకీ స్ఫటికం కట్టలేదు. ఒక మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన వదిన, ఆమె మొహం చూసి చెయ్యి చాచింది.

"నా రక్తం తీసుకో పిచ్చుకా. మొండి రక్తం, ఎక్కడ పెడితే అక్కడే గట్టిగా కూర్చుంటుంది."

"ఏమైనా తిన్నావా?"

"తినే వచ్చాన్లే."

నర్సు రక్తం తీసింది. అందులోంచి వేరుచేసిన ప్రొటీన్ చుక్కల్ని చల్లటి గదిలో కదలకుండా ఉంచారు. వారాలు గడిచాయి. ఒకనాడు మైక్రోస్కోపు కింద, చుక్కలో పల్చటి పలకలు తేలుతున్నాయి. వెలుతురు తిప్పితే నీలం, గులాబీ, మళ్లీ నీలం. నీళ్లడుగున ఎవరో నెమ్మదిగా కిటికీలు తెరిచి మూస్తున్నట్టుంది. ఎవరు పిలిచినా వినిపించుకోకుండా ఆడపడుచు చూస్తూ ఉండిపోయింది.

ఎక్స్‌రేలు పూర్తయ్యాక కంప్యూటర్ తెరమీద నీలి వలలా ప్రొటీన్ విచ్చుకుంది. గుండె ఆకారం, లోపల మెలికలు తిరిగే వసారాలు. ఆమె వాటిలో నడుస్తున్నట్టే ఒక్కో అరలోకీ తొంగిచూసింది. ప్రతి అరలోనూ కొవ్వు. ఒక్కటీ ఖాళీ లేదు.

వెనక నిలబడ్డ ప్రొఫెసరు అన్నాడు, "దీన్ని బట్టి గట్టిగా చెప్పలేం. కానీ కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి ఇలాగే చేరుతుంది. రక్తమిచ్చినావిడ సరిగ్గా తింటోందా?"

ఆమె పొద్దుండగానే ఇంటికి వెళ్లింది. వదిన వంటగదిలో ఒక్క పళ్లెమే తుడుస్తోంది.

"నిన్న ఏం తిన్నావు వదినా?"

"ఏదో తిన్నాలే."

"మొన్న?"

వదిన తుడవడం ఆపింది. "ముద్ద దిగడం లేదే. ఎదురుగా మీ అన్న కుర్చీ ఖాళీగా ఉంటే ఎలా తినను?"

ఆడపడుచు రెండు కుర్చీలూ పక్కపక్కన, కిటికీ వైపు తిప్పి వేసింది. వదిన వండిందే ఇద్దరికీ వడ్డించింది. బయట ఎండ పల్చబడుతోంది. వదిన చాలాసేపు ముద్ద కలుపుతూ కూర్చుని, చివరికి నోట్లో పెట్టుకుంది.

"ఇంత ఉప్పేమిటి? రోజూ ఇలాగే ఉంటోందా?"

"ఉంటోంది."

"మరి నోరు తెరిచి చెప్పొద్దూ," అని ఇంకో ముద్ద కలిపింది.