పొట్ట జాగ్రత్త

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. రాయచూరు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే హిమబిందు కష్టం దానికి తలకిందులు. కొడుకులు బుట్టలకొద్దీ ఉన్నారు, పేరే తేలడం లేదు.

ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి కృష్ణ! ఎవరో అద్దాల తొట్టిలో పెంచి, విసుగొచ్చి ఏట్లో వదిలిన చేప ఇప్పుడు వలలన్నీ చింపుతోంది. ఒళ్లంతా గట్టి పలకలు, రాళ్లకు అతుక్కునే నోరు. జాలర్లు దెయ్యం చేప అని ఊరుకున్నారు. శాస్త్రజ్ఞులు ఊరుకుంటేగా! ఈ ప్రజాతిని, అదే జీనస్‌ను, ఒకప్పుడు మూడుగా విడదీశారు, మళ్లీ కలిపారు. అందులోని జాతులను మాత్రం పొట్ట చూసే చెప్పాలట. విడివిడి చుక్కలుంటే ఒకటి, మెలికల గీతలుంటే ఇంకొకటి. ఇక్కడ దొరికినవాటిలో చాలావాటికి సగం చుక్కలు, సగం గీతలు. జన్యు పరీక్ష కూడా వాటిని విడదీయలేకపోయింది.

"సంకరమని రాస్తే సరిపోదమ్మా. గీతలది చూపించావు, బాగుంది. అచ్చమైన చుక్కల చేప ఒక్కటి చూపించు," అన్నారు గైడు వెంకోబరావు. అది లేకపోతే థీసిస్ లేదు, గడువేమో నెలాఖరు. రెండేళ్లుగా ఇదే పాట విని హిమబిందుకు చేప పేరెత్తితేనే ఒళ్లు మండుతోంది.

చివరికి కృష్ణలో వల వేసే లక్ష్మన్నకు ఐసుపెట్టె ఇచ్చి, పొట్టే ముఖ్యం, పొట్ట చెడిపోకూడదు అని మరీ మరీ చెప్పి పంపింది.

సోమవారం పొద్దున అతను పెట్టె తెచ్చి ల్యాబులో బల్ల మీద పెట్టాడు. లోపల ఆరు చేపలు. వీపులు, రెక్కలు, తోకలు చెక్కుచెదరలేదు. హిమబిందు ఒకదాన్ని తిరగేసింది. గొంతు నుంచి తోక దాకా ఖాళీ. చర్మంతో సహా పొట్ట కోసేసి, కడిగి, ఉప్పు కూడా రాశాడు మహానుభావుడు.

"పొట్ట చెడొద్దని మీరే అంటిరి గద మేడమ్. చేపల ముందుగాల చెడేది గదే. అందుకే మొదలు దాన్నే తీసేస్తి."

ఏమని తిట్టాలి? చేపలవాళ్ల దగ్గర పొట్ట సంగతి ఎత్తితే కత్తి తీస్తారని తనకు తెలియకపోవడమే తప్పు. ఆ చర్మం ఏం చేశావని అడిగితే, ఏట్లో విసిరేశానన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆమె ముఖం చూసి లక్ష్మన్నకు జాలేసింది. సంతోషపెట్టాలనుకున్నాడు.

"ఒకదాని పొట్ట మస్తుండె మేడమ్. అన్నీ చుక్కలే, గీత ఒక్కటి లే. నా జిందగీల గసొంటిది చూడలే."

ఏదది, అని అడిగింది హిమబిందు.

లక్ష్మన్న ఆరింటినీ అటూ ఇటూ తిప్పాడు. వీపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"వీటిలనే ఉంది మేడమ్, ఏదో ఒకటి," అన్నాడు.