బఖీత్ తుపాకీకి మల్లేశం పూచీ

గురువారం పొద్దుటికల్లా తుపాకీ దొరక్కపోతే మల్లేశం జైలుకు పోతాడు. ఆ మాట అన్నది పోలీసులు కాదు, అతని యజమాని బఖీత్ తమ్ముడి కొడుకు సుహైల్. అదీ ఎక్కడ? ఆవులు నీళ్ళు తాగే తొట్టి దగ్గర, కొండమీది మగవాళ్ళందరి ముందూ.

"ఇంట్లో ఉండేది ఇద్దరే. పెదనాన్న, ఈ ఇండియావాడు. పెదనాన్న తన తుపాకీ తాను అమ్ముకోడు. ఇక మిగిలిందెవరు?"

మల్లేశానికి అరబ్బీ అంతంతమాత్రమే. అయినా ఈ ముక్క మాత్రం పొల్లు పోకుండా అర్థమయింది. ఎనిమిదేళ్ళ నుంచి ఈ అరబ్బు దేశంలో, ధోఫార్ కొండల్లో బఖీత్ ఆవులు కాస్తున్నాడు. సిరిసిల్ల దగ్గర పుట్టిన కురుమ, మందలోనే పెరిగినవాడు. ఒక దూడ తప్పిపోతే అన్నం ముట్టనివాణ్ణి పట్టుకుని దొంగ అంటే ఒళ్ళు మండదా? మండింది. కానీ మండి ఏం లాభం, ఆ కోపానికి అరబ్బీ రావద్దూ!

అది మామూలు తుపాకీ కాదు. యాభై ఏళ్ళ కింద ఈ కొండల్లో యుద్ధం నడిచింది. ఇక్కడి పశువుల కాపరులు చాలామంది ప్రభుత్వం మీద తిరగబడ్డారు, వాళ్ళలో కుర్రవాడైన బఖీత్ ఒకడు. తర్వాత మనసు మార్చుకుని కొండ దిగాడు. దిగినవాడి చేతిలోది గుంజుకోవాల్సింది పోయి, ప్రభుత్వం కొత్త తుపాకీ పెట్టి, మీ కొండను మీరే కాయండి అంది. అలా కాపరులతో కట్టిన దళాలనే ఫిర్ఖా అంటారు. "నిన్నటిదాకా వాళ్ళ మీద కాల్చినవాణ్ణి. నా చేతికే ఇచ్చారు చూడు!" అని బఖీత్ ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్టే మురిసిపోతాడు. గురువారం అధికారులు వచ్చి ఫిర్ఖా ముసలివాళ్ళ తుపాకుల నంబర్లు చూసుకుంటారు. బఖీత్‌ది మాత్రం గోడకు లేదు.

అడిగితే ముసలాయన మొహం బండరాయి అయిపోయింది. "ఏ తుపాకీ? నా దగ్గర తుపాకీ లేదు. ఎన్నిసార్లు సోదా చేస్తారు?"

మతిమరుపు అనుకున్నారంతా. మల్లేశానికి మాత్రం అనుమానం తగిలింది. మరిచిపోయినవాడు తడబడతాడు, వెతుక్కుంటాడు. ఈయన బొంకుతున్నాడు! ప్రభుత్వంవాళ్ళు తుపాకుల కోసం వస్తున్నారని సుహైల్ ఆదివారం చెప్పాడు కదా, ఆ మాట ముసలాయన చెవికి యాభై ఏళ్ళ కిందటి మాటలా వినబడి ఉంటుంది. కొండ దిగకముందు ఏం చేసేవాడో అదే చేశాడు. దాచేశాడు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా దొంగ కట్టిన కథ అంటారు. ఊళ్ళోంచి భార్య గౌరవ్వ ఫోన్ చేస్తే ఏడుస్తూనే జరిగింది చెప్పాడు. మొగుడు చెప్పింది విని ఆమె ఒక్కటే మాట అంది: "ఏడ్వకు. ఎతుకు."

బుధవారమంతా గుహలు, పొదలు తిరిగాడు. ఏమీ దొరకలేదు. గురువారం పొద్దున మందను లెక్క చూస్తే నొసట మచ్చ ఉన్న సుక్క లేదు. జైలుకు పోయేవాడైనా ఆవును వదిలిపోతాడా! వెతుక్కుంటూ పోతే, దూరంగా ఒక గుట్ట పగులులో మూతి పెట్టి నాకుతోంది. నాకి నాకి రాయి నున్నగా మెరుస్తోంది.

"ఏమున్నదే అండ్ల?" అని వేలు పెట్టి వాసన చూశాడు. చేపనూనె.

గడ్డి ఎండిపోయే ఈ నెలల్లో ఇక్కడి ఆవులకు ఎండుచేపలే మేత, ఆ వాసనకు ఎంత దూరమైనా పోతాయి. యుద్ధంలో వేరే నూనె దొరక్క తుపాకీకి చేపనూనె పూసేవాళ్ళమని బఖీతే చెప్పాడు, ఇప్పటికీ అదే పూస్తాడు. చెయ్యి లోపల పెడితే గుడ్డ తగిలింది, గుడ్డ కింద ఇనుము. చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. తను తుపాకీ పట్టుకుని కొండ దిగితే ఇంకేముంది, సుహైల్ మాట నిజమైపోతుంది.

ఉరికిపోయి, నడిపిస్తే ఆలస్యమవుతుందని ముసలాయనను వీపున వేసుకుని తెచ్చాడు. పగులు చూడగానే బఖీత్ కళ్ళెర్రజేశాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"సుక్క చెప్పింది."

ఆవును చూశాడు, రాయిని చూశాడు. నవ్వు ఆగలేదు ముసలాయనకు. మరుక్షణమే మొహం మళ్ళీ బిగుసుకుంది. "కింద ప్రభుత్వంవాళ్ళున్నారు. గుంజుకుంటారు."

సగం అరబ్బీ, సగం హిందీ, అందనిచోట సిరిసిల్ల మాటా కలిపి మల్లేశం యజమానిని బతిమాలాడు. "గుంజుకోరు అర్బాబ్. ఇచ్చినోళ్ళు ఆళ్ళే గద! చూసి మళ్ళ నీ చేతిలనే వెడ్తరు."

"నువ్వు పూచీయా?"

దొంగ అనిపించుకున్నవాణ్ణి పూచీ అడుగుతున్నాడు. మల్లేశం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను పూచీ."

ముసలాయన తన చేత్తోనే మూట బయటికి తీసి, తను వేసిన ముళ్ళు తనే విప్పుకున్నాడు.

కింద మైదానంలో బఖీత్ పేరు రెండోసారి పిలుస్తున్నారు. కాగితం మీద కొట్టివేసేందుకు గుమాస్తా కలం ఎత్తాడు కూడా.

"హాజర్!"

అందరూ తలలు తిప్పారు. మల్లేశం వీపున బఖీత్, బఖీత్ భుజాన తుపాకీ! దిగీ దిగగానే, దాచింది తనేనని, కనిపెట్టిందీ పూచీ పడిందీ మల్లేశమేనని ముసలాయన అందరికీ వినబడేలా చెప్పాడు. అధికారి తుపాకీ అందుకున్నాడు. నంబరు చదివి, కాగితంతో సరిచూసుకుని, అధికారి రెండు చేతులతో దాన్ని ముసలాయనకు తిరిగి ఇచ్చాడు.

కేకలతో కొండ మారుమోగింది. ఇక్కడి ఆచారం ప్రకారం మగవాళ్ళు తుపాకులు భుజాన పెట్టుకుని వరుస కట్టారు. ఒకడు అప్పటికప్పుడు పాట కడితే, వరుసంతా దాన్ని అందుకుని అడుగు వెయ్యాలి. బఖీత్ మల్లేశం చెయ్యి పట్టి మొదటి వరుసలోకి లాగాడు, సుహైల్ పక్కకే. పాటగాడు గొంతెత్తాడు:

"బఖీత్ తుపాకీ బఖీత్ చేతిలో ఉంది, పూచీ పడ్డవాడు మల్లేశ్, మన మల్లేశ్!"

వరుస అందుకుంది. బఖీత్ చెయ్యెత్తి ఆపాడు. "ఒక గొంతు తగ్గింది. మళ్ళీ."

సుహైల్ నేల చూపులు చూశాడు. ఎవరూ కదల్లేదు, అధికారి కూడా. చివరికి సుహైల్ తలెత్తి, మల్లేశం మొహంలోకి సూటిగా చూస్తూ, నరాలు ఉబ్బేలా పాడాడు. ఆ పేరు వాడి నోట మొదటిసారి విన్నాడు మల్లేశం. ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొస్తుంటే, చేతికర్ర భుజాన పెట్టుకుని వాళ్ళతో అడుగు కలిపాడు.