ఎవరి కుట్టు వాళ్లే విప్పాలి

రోజూ బడికి లేపాలంటే ఇల్లు పీకి పందిరి వేసే పిల్ల బొంగరం, ఆ రోజు ఎవరూ పిలవకుండానే లేచి, మొహం కడుక్కుని, జోళ్లేసుకుని తలుపు దగ్గర నిలబడింది. జోళ్లు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుందనుకోండి, అది వేరే సంగతి. చంకలో ఓ రేకు డబ్బా.

"అమ్మా, బస్సెళ్లిపోతుంది!"

"బస్సింకా నిద్రే లేవలేదే తల్లీ," అంది వాళ్లమ్మ జడ అల్లుకుంటూ. కూతుర్ని అందే గానీ ఆవిడ చేతులు మాత్రం కుదురుగా ఉన్నాయా? ఇన్నాళ్లూ జైల్లో అద్దానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప, మొగుడి చెయ్యి తాకింది లేదు. ఒకే గదిలో కలిసి కూర్చోవచ్చు, పిల్లని కూడా తీసుకురావచ్చు అని ఇదే మొదటిసారి చెప్పారు. పెళ్లినాడు కూడా ఆవిడ ఇంత హడావిడి పడలేదు. అల్లిన జడ విప్పి మళ్లీ అల్లింది.

మొగుడూ పెళ్లాలిద్దరూ దర్జీలే. ముందుగదే కొట్టు. ఆయన కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. పోలీసులు ఆయన్ని తీసుకెళ్లిన రోజు పిల్ల "నాన్నేడీ?" అంటే, నోటికొచ్చిన మాట అనేసింది: "పెద్ద ఆర్డరొచ్చిందమ్మా. యూనిఫారాలు కుట్టాలి. అయిపోగానే వచ్చేస్తాడు." ఆ తర్వాత జైల్లో ఆయన్ని నిజంగానే కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. సగం నిజమైన అబద్ధం కాబట్టి బాగా అతికింది. ఆయన కూడా ఫోన్లో "అవుతోందమ్మా, ఇంకా అవుతోంది" అంటూ వచ్చాడు.

కానీ దర్జీ ఇంటి పిల్లకి ఆర్డరంటే ఏమిటో తెలియదా? ఆర్డరు ఆలస్యమైతే ఇంటిల్లిపాదీ కూర్చుని చెయ్యి వేయాలి. అప్పట్నించీ బొంగరం గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. దిండు గలీబులకి కుట్టింది, కర్టెన్లకి కుట్టింది, తువ్వాలుకి కూడా కుట్టింది. మొహం తుడుచుకుంటే బుగ్గలు గీరుకుపోయేవి. ఆటలే అనుకుంది తల్లి.

బస్సెక్కాక తెలిసింది అవి ఆటలు కావని.

"ఎక్కడికే పిల్లా, ఇంత హుషారుగా?" అని ముందు సీటు పెద్దావిడ అడగడమే పాపం. బొంగరం సీటు మీద నిలబడి బస్సంతా వినేలా చెప్పింది.

"మా నాన్న దగ్గరికి! ఆర్డరు అవట్లేదంట. ఇవిగో గుండీలు, ఇదిగో సూది. గుండీలన్నీ నేను కుట్టేస్తే ఇవాళతో అయిపోతుంది. సాయంత్రం నాన్న ఇక్కడే, నా పక్కనే కూర్చుంటాడు. మీరు కూర్చోకూడదు మరి!"

బస్సంతా నవ్వింది. తల్లికి మాత్రం అప్పుడర్థమైంది. పిల్ల ఊరికే చూసి రావడానికి కాదు, నాన్నని ఇంటికి తెచ్చుకోవడానికి బయల్దేరింది! పైగా ఆ కండక్టరు, మైకు మింగినట్టు ప్రతి స్టాపూ అరిచి చెబుతున్నాడు. రెండు స్టాపులు పోతే "జైలు దిగేవాళ్లు రావాలీ" అని అరుస్తాడు. బొంగరం ఆ మాట వాడి నోట వినడమా?

"ఆపండి, దిగుతాం!"

"ఇక్కడేముందమ్మా, అంతా ఖాళీ స్థలం."

"ఖాళీయే కావాలి మాకు," అంటూ పిల్లని చంకనేసుకుని దిగేసింది.

రోడ్డు పక్కన పిట్టగోడ ఉంటే కూర్చున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలీక తల్లి పిల్ల జోళ్లు విప్పి, ఏ కాలిది ఆ కాలికి తొడిగింది. తొడగడం అయిపోయింది. ఇక తప్పించుకోవడానికి ఏ పనీ మిగల్లేదు.

"నీకు అబద్ధం చెప్పానమ్మా. నాన్న ఆర్డరు కోసం వెళ్లలేదు. జైల్లో ఉన్నాడు."

ఊగుతున్న కాళ్లు ఆగిపోయాయి. "జైలంటే దొంగలుండేదా?"

"దొంగలూ ఉంటారు. ఒళ్లు తెలీని కోపంలో మనుషుల్ని కొట్టినవాళ్లూ ఉంటారు. నాన్న పక్క కొట్టు మామయ్యని కొట్టాడు. మన కొట్టుకి అడ్డంగా బోర్డు పెట్టాడని, బట్ట కొలిచే కర్రతో కొట్టాడు."

"నల్లద్దాల మామయ్యనా?"

"ఊఁ. ఒక కన్ను పోయింది. అందుకే ఆ అద్దాలు."

"స్టైలు అనుకున్నా," అంది బొంగరం చిన్నగా. ఆ తర్వాత చాలాసేపు డబ్బా మూత గోకుతూ కూర్చుంది. ఎప్పుడూ తిరుగుతూ ఉండే పిల్ల అలా కదలకుండా కూర్చుంటే తల్లికి ఏడుపొచ్చింది.

"అమ్మా, ఆ రోజు కత్తెర నేనే దాచేశా. నాన్న చాలాసేపు వెతుక్కున్నాడు. అందుకే కోపమొచ్చిందా?"

ఇన్నాళ్లూ ఇంత భారం మోసుకుంటూనా ఈ పిల్ల గుండీల మీద గుండీలు కుట్టింది! గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"కాదు. నీకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కొట్టింది నాన్న. తప్పు నాన్నది. నీది కాదు, విన్నావా?"

బొంగరం ముక్కు ఎగబీల్చింది. "మరి సాయంత్రం వస్తాడా?"

"రాడమ్మా."

"రేపు?"

"రేపూ రాడు. నువ్వు ఈ గౌను పట్టనంత పొడుగవుతావు. దాని తర్వాత కుట్టే గౌనూ పట్టదు. అప్పుడొస్తాడు."

బొంగరం డబ్బాని కింద పడేసి ఒక్క తాపు తన్నింది. డబ్బా ఎగిరి పడి గుండీలన్నీ రోడ్డు పక్కన చెల్లాచెదురయ్యాయి. గొంతు చించుకుని ఏడ్చింది. తల్లి ఊరుకోమనలేదు. పిల్ల ఏడుస్తుంటే తను మోకాళ్ల మీద కూర్చుని గుండీలు ఏరింది. కాసేపటికి బొంగరం కూడా వెక్కుతూనే వచ్చి ఏరసాగింది.

"కుట్టు తప్పితే మన కొట్లో ఏం చేస్తాం?" అడిగింది తల్లి.

"విప్పాలి."

"ఎవరు విప్పాలి?"

"ఎవరు కుడితే వాళ్లే." అది వాళ్ల నాన్న పెట్టిన నియమమే. బొంగరం గుండీ వంకరగా కుడితే ఆయన చచ్చినా తను విప్పేవాడు కాదు. కుట్లు విప్పే కొక్కెం పిల్ల చేతికే ఇచ్చి, బట్ట తెగకుండా రెండువైపులా లాగి పట్టుకునేవాడు.

"నాన్న ఇప్పుడు ఆ పనే చేస్తున్నాడు."

"విప్పితే మామయ్య కన్నొస్తుందా?"

"రాదమ్మా. అది ఎవరివల్లా కాదు. నాన్నకీ తెలుసు."

బొంగరం ఆఖరి గుండీ డబ్బాలో వేసి మూత బిగించింది. మొహం గౌనుకి తుడుచుకుంది. ఉన్నట్టుండి లేచి తల్లి చెయ్యి పట్టుకు లాగింది. "పదవే అమ్మా! నాన్న చూస్తుంటాడు!"

ఇద్దరూ పరిగెత్తారు. తల్లి జడ ఊడిపోయింది. ఏడ్చిన కళ్లతోనే, ఎవరు ముందు చేరతారో అని పందెం వేసుకున్నట్టు పరిగెత్తారు.

గేటు దగ్గర కాపలా ఆవిడ డబ్బా తీసుకుంది. "సూదులు లోపలికి పోనివ్వం."

"మీ దగ్గరే ఉంచండి. ఒక్క గుండీ పోయినా నాకు తెలిసిపోతుంది," అని హెచ్చరించి మరీ లోపలికెళ్లింది బొంగరం.

తలుపు తెరుచుకుంది. చిక్కిపోయి, చొక్కా వదులై, నాన్న! బొంగరం బంతిలా వెళ్లి పొట్టకి తగిలింది. ఆయన నవ్వాడో ఏడ్చాడో తనకే తెలీదు. పెళ్లాం చెయ్యి ఒక చేత్తో, పిల్ల తల ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఆర్డరు... ఇంకా కాలేదురా నాన్నా..."

"ఆర్డరు కాదుగా. మామయ్య కన్నుగా. అమ్మ చెప్పింది."

పెళ్లాం వంక చూశాడు. ఆవిడ అవునన్నట్టు తలూపింది. ఆయన కుర్చీలో కూర్చుని తల దించేసుకున్నాడు. పిల్ల మొహం చూసే ధైర్యం లేకపోయింది.

బొంగరం ఆయన మోకాళ్ల ముందుకొచ్చి నిలబడింది. వదులుగా వేలాడుతున్న చొక్కా అంచు రెండు చేతుల్తో రెండువైపులా పట్టుకుని, ముడత లేకుండా బిగించి లాగింది.

"విప్పు నాన్నా," అంది. "నేను పట్టుకున్నా."