పసుపు గుర్తు డబ్బా

డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కి చదువుకుందామని జగ్గయ్యపేట లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. నాన్నది ముక్త్యాల సిమెంట్ ఫ్యాక్టరీలో లోడింగ్ పని. నేను పుస్తకం తీస్తే అమ్మ టీవీ కట్టేసి, వీధిలో ఆడుకునే పిల్లల్ని అదిలించి, ఇంట్లో పూజ జరుగుతున్నట్టు మెల్లగా నడిచేది. ఆ మర్యాద భరించలేకే లైబ్రరీకి పారిపోయా.

అక్కడ లైబ్రేరియన్ భారతీదేవి గారు ఓ రోజు పిలిచి, "యామినీ, మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకి అక్షరాలు చెప్తావా? జీతం ఉండదు. ఫ్యాన్ ఉంటుంది" అన్నారు. సరేనన్నా.

వచ్చేది కొద్దిమంది ఆడవాళ్లే. అందరికంటే ముందొచ్చేది సత్యనారాయణమ్మ గారు. వాళ్లకి వత్సవాయిలో పత్తి, మిరప పొలాలున్నాయి. పిల్లల చదువుల కోసం పేటలో ఇల్లు కట్టుకున్నారు. పిల్లలిద్దరూ ఇంజినీర్లయ్యారు గానీ ఆవిడకు సంతకం కూడా రాదు. పక్కన కూర్చునేది ఆరోగ్యమ్మ. ఒకప్పుడు వాళ్ల పొలంలోనే మిరపకాయలు కోసేది, ఇప్పుడు బళ్లో వంట చేస్తోంది. బయటైతే ఆవిడ ముందు ఆరోగ్యమ్మ కూర్చోదు. ఇక్కడ ఉన్నది ఒకటే బెంచీ.

అక్షరాలు, గుణింతాలు అయ్యి ఒత్తుల దగ్గరికొచ్చాం. "రేపు ఇంట్లోంచి తెలుగు రాసున్నది ఏదైనా తెచ్చుకోండి. పుస్తకం మాత్రం వద్దు" అని చెప్పా.

మర్నాడు ఆరోగ్యమ్మ సబ్బు కాగితం తెచ్చింది. సత్యనారాయణమ్మ గారు సంచిలోంచి ఆవకాయ డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. వెడల్పు మూతి, గట్టి మూత, తెల్ల ప్లాస్టిక్ డబ్బా. దాని మీది కాగితంలో అక్షరాలు సగం చెరిగాయి.

"చదువుకి చదువు, నీకు పచ్చడి. రెండు పన్లూ అయిపోతాయి అమ్మాయ్" అన్నారు.

"చూశారా టీచరమ్మా, పరీక్ష రాకముందే లంచం" అంది ఆరోగ్యమ్మ.

"నీకూ ఇచ్చాగా పోయినేడు డబ్బాడు? నీకేం అక్షరాలొచ్చాయే?"

"నేను ఆవకాయ మీద పెట్టిన శ్రద్ధ అక్షరాల మీద పెట్టలేదండమ్మగారూ."

అందరం నవ్వాం. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, డబ్బా తిప్పి, కాగితం మీద వేలు పెట్టారు. పసుపు రంగు ముక్కోణం, దాని కింద చిన్న అక్షరాలు.

"వి..." అన్నారు. వేలు జరిపారు. "ష... పక్కన సున్నా... షం." రెండూ కలిపారు. "విషం."

నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. మళ్లీ వేలు మొదటికి తీసుకెళ్లి చదువుకున్నారు. ఈసారి పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

తప్పు చదివారనుకుని వంగి చూశా. తప్పు కాదు. నా దగ్గర చదువుకునేవాళ్లు సరిగ్గా చదివితే, అది తప్పైతే బాగుండునని నేననుకోవడం అదే మొదలు.

"ఇది దేని డబ్బా అండీ?"

"పొలానికి తెచ్చే పొడి మందుది. చింతపండు పెట్టి తోమా, వేణ్ణీళ్లు పోశా, ఎండలో ఆరేశా." ఆవిడ వేలు ఆ ముక్కోణం మీదే ఉంది. "ఎర్ర గుర్తువి, పుర్రె బొమ్మవి నేనెప్పుడూ ముట్టుకోలేదమ్మాయ్. ఇది పసుపు గదా. పసుపు గుర్తు పెట్టారంటే మంచిదనే కదా అనుకుంటాం? ఏరి ఏరి ఇవే దాచుకున్నా."

ఆరోగ్యమ్మ చేతిలో సబ్బు కాగితం నలిగిపోయింది.

"నాకిచ్చింది కూడా ఇలాంటి దాంట్లోనేనా అమ్మగారూ?"

ఆవిడకది వినపడలేదు. "లహరి" అన్నారు.

లహరి ఆవిడ కూతురు, నందిగామలో ఉంటోంది. ఏడో నెల. తల్లి పంపిన ఆవకాయ లేకపోతే ముద్ద దిగట్లేదని రోజూ ఫోన్లో చెప్తుందట. మొన్ననే, డబ్బా అయిపోయింది, ఇంకోటి పంపమందట.

ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. నా ఫోన్ నుంచి చేసినా అంతే. అల్లుడి ఫోన్ స్విచాఫ్.

"పద అమ్మాయ్" అని ఆవిడ లేచారు. నన్నెందుకు పిలిచారో అడగలేదు, నేనూ వెళ్లా. వెనకనుంచి ఆరోగ్యమ్మ, "మీరు పదండమ్మగారూ, మీ వీధిలో మీరు పచ్చడిచ్చిన వాళ్లందరికీ నేను చెప్పొస్తా. ఇంకా ఎవరెవరు తింటున్నారో" అంటోంది.

బస్సులో ఆవిడ డబ్బా ఒళ్లో పెట్టుకున్నారు. చిల్లకల్లు దాటాక హైవే మీద లారీల వెనక బస్సు నత్తలా పోతోంది. ఆవిడ ఏడుస్తారేమోననుకున్నా. ఏడవలేదు, చదువుతున్నారు. వేలు పెట్టి, ఒక్కో మాటా. ఒత్తు దగ్గర ఆగినప్పుడు మాత్రం నా వైపు చూసేవారు. నేను చెప్తే తలూపి ముందుకెళ్లేవారు. పిల్లలకు అందకుండా ఉంచాలి. ఆహార పదార్థాల దగ్గర పెట్టరాదు. నందిగామ వచ్చేసరికి చెరిగిపోనిదంతా చదివేశారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఇంత తొందరగా ఎవరూ నేర్చుకోలేదు. నాకు మాత్రం భయమేసింది.

తలుపు లహరే తీసింది. నిద్రమొహం. "ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకున్నానమ్మా. ఏంటిలా ఊడిపడ్డావు?"

ఆవిడ మాట్లాడకుండా కూతురి పొట్ట మీద చెయ్యి వేశారు. లోపల బిడ్డ కదిలిందేమో, కళ్లు మూసుకున్నారు. తర్వాత డబ్బా పైకెత్తి, "ఆ పచ్చడి..." అన్నారు.

లహరి డబ్బా చూసింది. నన్ను చూసింది.

"నీకెవరు చెప్పారు?" అంది.

ఏం చెప్పారని అడగలేదు, ఎవరు చెప్పారని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే చదివా" అన్నారు సత్యనారాయణమ్మ గారు.

లహరి గోడకి ఆనుకుంది. "మొదటి డబ్బా వచ్చిన రోజే చూశానమ్మా. అట్టాగే తీసుకెళ్లి చెత్తబండిలో పడేశా. తర్వాతవీ అంతే. నేనొక్క ముక్క తినలేదు, ఒట్టు."

"మరి అయిపోయింది, ఇంకోటి పంపమన్నావేమే?"

"బాగుందా అని నువ్వడుగుతావు. బాగుందంటే ఇంకోటి పంపనా అంటావు. నేనేం చెప్పను? డబ్బా మీద ఏం రాసుందో చూసుకోలేదా అని నిన్నడగనా? నీకు చదువు రాదని నేనే ఎత్తిచూపినట్టు ఉండదా? నాన్నకి చెప్పా. నేను చూసుకుంటాలే అన్నారు."

"నాన్నకి తెలుసా?"

"పోయినేడే చెప్పా. నువ్వెటూ బీపీ అని ఆవకాయ మానేశావు గదా అనుకున్నా."

సత్యనారాయణమ్మ గారు కూతురి మొహంలోకి చూశారు.

"మానేశానని మీకు చెప్పా" అన్నారు. "అంతే."

లహరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఏడ్చింది, తల్లి చేతులు పట్టుకుంది, ఇప్పుడే డాక్టర్ దగ్గరికెళ్దామంది. ఆవిడ విదిలించుకోలేదు, మెత్తబడనూ లేదు. "నువ్వు బాగున్నావు. అది చాలు. పడుకో" అని మెట్లు దిగారు.

పేట బస్టాండులో దిగేసరికి ఆరోగ్యమ్మ కాచుకునుంది. పక్కన బైకు మీద వెంకటరత్నం గారు, సత్యనారాయణమ్మ గారి భర్త.

"లహరమ్మ ఎలా ఉందమ్మగారూ?"

"బాగుంది. తినలేదంట."

"తినలేదా!" ఆరోగ్యమ్మ నవ్వింది, అదోలా. "మీ వీధంతా చెప్పొచ్చానమ్మగారూ. గగ్గోలు పెడతారనుకున్నా. ఎక్కడా ఉలుకూ లేదు, పలుకూ లేదు. 'మేం అప్పుడే పారబోశాంలే ఆరోగ్యం, పెద్దావిడ బాధపడుద్దని చెప్పలేదు' అన్నారు. ప్రతి ఇంట్లో అదే మాట. ఊడ్చుకు తిన్నది నేనొక్కదాన్నే."

"నేనూ తిన్నా" అన్నా. ఇదివరకు క్లాసుకి తెచ్చినప్పుడల్లా నాకు స్టీలు గిన్నెలో పెట్టిచ్చేవారు, డబ్బా కనపడేది కాదు.

సత్యనారాయణమ్మ గారు డబ్బా మూత మళ్లీ బిగించారు. పండగలకు, పేరంటాలకు ఆ ఇళ్లలో ఆవిడ పచ్చడిని ఎంత మెచ్చుకునేవారో నేనూ విన్నా.

వెంకటరత్నం గారు బైకు స్టార్ట్ చేశారు. "శుభ్రంగా కడిగావుగా. ఇన్నాళ్లూ ఎవరికేమైంది? ఊళ్లో అందరూ వాడేవే. దీనికోసం నందిగామ దాకా పరుగులా? ఎక్కు."

ఆవిడ డబ్బా ఆయన ముందుకి చాపారు. "చదవండి."

"ఏంటే?"

"దీని మీద రాసింది పైకి చదవండి. నేను వింటా."

ఆయన చుట్టూ చూశారు. ఆటోవాళ్లు, పూలమ్మే ఆవిడ, బస్సు దిగినవాళ్లు, అందరూ ఇటే చూస్తున్నారు. "అద్దాలు తెచ్చుకోలేదు."

"నేను తెచ్చుకున్నా" అని ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు.

"విషం" అన్నారు, గట్టిగా.

"విషం" అంది వెనకనుంచి ఆరోగ్యమ్మ, క్లాసులో నేను చదివిస్తే అన్నట్టే.

"పిల్లలకు అందకుండా ఉంచాలి."

"ఉంచాలి."

ఒక్కో మాటా వేలు పెట్టి చదివారు. ఎక్కడా తడబడలేదు. నా వైపు చూడనూ లేదు. "ఖాళీ డబ్బాను తిరిగి వాడరాదు" దగ్గరికొచ్చేసరికి వెంకటరత్నం గారు బైకు ఆపేశారు. తల దించుకుని తాళంచెవి వైపు చూస్తున్నారు.

ఆవిడ డబ్బా ఆయన ముందు ట్యాంకు మీద పెట్టి, ఆటోని పిలిచారు.

"ఎక్కు ఆరోగ్యం, ఆస్పత్రికి పోదాం."

ఆరోగ్యమ్మ తటపటాయిస్తుంటే చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి జరిగి చోటిచ్చారు.

"నువ్వూ రా అమ్మాయ్. నువ్వూ తిన్నావుగా."