చివరి జెండా ముందు గుంట

గోల్ఫ్ బంతి వచ్చి మాతో పనిచేసే ముసలామె కణతకు తగిలింది. ఆమె ఇసుక గుంటలో బోర్లా పడిపోయింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి ఆమెను చూడలేదు, ఇసుకను చూశాడు.

"ముందు నెత్తురు కనపడకుండా చదును చెయ్యండి. వెనకాల ఇంకో జట్టు ఆడుతూ వస్తోంది."

ఈ గోల్ఫ్ మైదానంలో పద్ధతి అదే. గుంటలోకి దిగినవాళ్లం ఇసుక చదును చేసే పళ్ల కర్రతో మా అడుగులు మేమే చెరుపుకుంటూ వెనక్కి నడిచి రావాలి. మనిషి తిరిగిన జాడ ఉండకూడదు. మేం లోపలున్నా ఆట ఆగదు.

మా పెద్ద కూతురు కర్ర విసిరేసింది. "నేను చెయ్యను పో!"

పని పోతుంది, పోలీసులొస్తారు, దాని తల పగులుతుంది. "నోర్ముయ్యవే" అన్నాను. అది నా వైపే చూడలేదు. ముసలామెను భుజానికెత్తుకున్న నర్సరీ అక్క వెంట పోయింది. కన్నది నేను, పెంచింది నేను. మొక్కలకు నీళ్లు పోసే ఆవిడ వెనకాల పోవడమేమిటి?

సాయంత్రం షెడ్డులో మీటింగు.

"గుంటలో మనిషుంటే ఆట ఆపాలి. ముసలామెకు క్లబ్బే వైద్యం చేయించాలి. కాదంటే పోటీ రోజున గుంటలోనే కూర్చుందాం" అంది నర్సరీ అక్క.

"ఏ గుంటలో? మైదానం నిండా గుంటలేగా" అన్నాడు గడ్డి కోసే మావయ్య.

గుంటల పని లేనప్పుడు ఆటగాళ్ల సంచులు మోస్తూ మైదానమంతా తిరిగేది మా పెద్దదే. అది లేచింది. "బంతి చేరాల్సిన చివరి జెండా ముందుది. ఈ మైదానం గీసినవాడు జిత్తులమారి. ప్రతిచోటా తెగించినవాడికి దగ్గర దారి, భయస్తుడికి చుట్టుదారి పెట్టాడు. చివర్లో మాత్రం రెండూ ఆ గుంట దగ్గరే కలుస్తాయి. ఎవడూ తప్పించుకోలేడు."

"శభాష్ నా తల్లీ!" నర్సరీ అక్క దాని వీపు తట్టింది.

"దాని తల్లి ఇక్కడుంది" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నేను లేచి ఇంటికొచ్చేశాను.

క్లబ్బు ఒప్పుకోలేదు. పోటీ రోజున మావాళ్లు గుంటలో కూర్చున్నారు. ఆటగాళ్లు బంతులు పట్టుకుని నిలబడిపోయారు. పోలీసులు లాఠీలతో దిగారు. చూసేవాళ్లు లోపలికి రాకుండా కట్టిన తాడుకు ఇవతల నేను నిలబడ్డాను. నా కూతురి చెయ్యి నర్సరీ అక్క చేతిలో ఉంది! ఇది చదువుతున్న పిల్లల్లారా, మీకు నవ్వొస్తుందేమో. దానికి లాఠీ దెబ్బ తగులుతుందన్న భయం కన్నా ఆ చెయ్యే నన్ను ముందుకు తోసింది. తాడు కిందినుంచి దూరి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాను.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"జైల్లో కూడా ఆవిడ పక్కనే పడుకుందామనా? జరుగు."

నర్సరీ అక్క నవ్వాపుకుంది. "నీ కూతుర్ని నువ్వే పట్టుకో చెల్లీ. రెండో చెయ్యి నాకియ్యి."

ఒళ్లు మండుతూనే ఇచ్చాను. గట్టిగా పట్టుకుంది. పోలీసులు లాగినా ముగ్గురం విడిపోలేదు.

"మీలో పెద్ద ఎవరే?" ఎస్సై అరిచాడు.

ఆవిడ నోరు తెరిచేలోపే అన్నాను. "నేనే!"

చివరికి విడదీసి నన్నే ముందు వ్యానెక్కించారు. కిటికీలోంచి చూస్తే, క్లబ్బు వంటగది వాళ్లు ఏప్రన్లు విప్పకుండానే తాడు దాటి, మావాళ్ల పక్కన కూర్చోడానికి గుంటలోకి దిగుతున్నారు.