చిమ్మట తినని శాలువాలు

గాలిలో ఘాటు.

మిరపకాయల ఘాటు. కల్లాల మీంచి, లారీల మీంచి, డాబాల మీంచి... గుంటూరు చుట్టూ మార్చి నెల ఎర్రగా ఎండుతోంది.

ఈ నెలలో ఈ ఊళ్ళో ఎవరి కళ్ళు చెమ్మగిల్లినా కారణం అడగరు. అదొక సౌకర్యం.

"అమ్మాయ్, చలేస్తోందే."

మంచం మీంచి అత్తగారు, సుబ్బలక్ష్మి.

బయట ఎండ పెళపెళా కాస్తోంది. మాధవీలత జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఫ్యాను ఆపేసి వారమైంది. అయినా ఆవిడకు చలి. ఎముకల్లోంచి వచ్చే చలి. డాక్టరు పేరు చెప్పకుండా తల పంకించి వెళ్ళిపోయిన చలి.

"ఆ స్వెట్టరు తే. నేను అల్లానే, అది."

ఆ స్వెట్టరు...

పెళ్ళైన కొత్తలో మాధవీలతకు చలిజ్వరం వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. కోడలి నుదుటి మీద చెయ్యి వెయ్యడం అత్తగారికి తెలియని విద్య. మంచిమాట అంతకన్నా తెలియదు. గోడకానుకుని కూర్చుని, వంకాయ రంగు ఊలుతో అల్లుతూ పోయింది. ముందు జ్వరం తగ్గింది. ఆ తర్వాత స్వెట్టరు పూర్తయింది. మంచం మీదికి విసిరింది.

"వణికి చస్తున్నావుగా. తొడుక్కో."

ఆ ఇంట్లో ప్రేమ కంటికి కనిపించింది ఆ ఒక్కసారే.

చేతులున్న ప్రేమ. గుండీలున్న ప్రేమ. గుంటూరులో తొడుక్కోవడానికి వీల్లేని ప్రేమ.

అందుకే దాచింది. ఏటా శివరాత్రికి చలి శివశివా అనగానే ఎండలో వేసి, దులిపి, మడిచి, ట్రంకుపెట్టెలో. అత్తగారి సణుగుడు కూడా దాంతోపాటే మడతపడేది — "కొట్టువాడు ముంచాడే. అసలు ఊలని ఒట్టేశాడు. ఇది ఊలా, పాడా! ఉత్త నైలాను."

మొదట్లో కలరా ఉండలు వేసేది. ఆ వాసనకు ఆవిడకు ఆయాసం వచ్చేది. వేపాకు వెయ్యవే, అంది. ఏటా వేసింది.

నిరుడు వేపచెట్టు దాకా నడిచే ఓపిక లేకపోయింది.

ఓపిక కూడా నిల్వ సరుకే. దానికీ పురుగు పడుతుంది.

డాబా మీద ఎండుతున్న మిరపకాయలు గుప్పెడు తెచ్చి మడతల్లో వేసింది. బియ్యంలో వేస్తాం, పప్పుల్లో వేస్తాం, ఊలులో వేస్తే తప్పా? ఈ ఊరివాళ్ళకు మిరపకాయ మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

ఈసారి చలి గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. పెట్టె తీయనే లేదు.

ఇప్పుడు తీసింది.

ముందు తుమ్ము. ఆ వెనకే ఇంకో తుమ్ము.

మిరపకాయలకే చిల్లులు. లోపలంతా గుల్ల. కాపలా పెట్టినవాణ్ణే పురుగు తినేసింది.

పైన భర్త త్యాగరాజు సన్మాన శాలువాలు. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ కప్పించుకున్నవి. జరీ అంచులు, తళతళలు. ఒక్కదానికీ ఒక్క చిల్లు లేదు. సన్మానాలు చిమ్మటలకు కూడా అక్కర్లేదు.

అడుగున స్వెట్టరు.

మోచేతి దగ్గర చిల్లు. మెడ కింద చిల్లు. వీపు జల్లెడ.

బియ్యపుగింజంత చిమ్మట ఒకటి వెలుతురుకు జడిసి మడతలోకి దూరింది. చంపడానికి చెయ్యి లేవలేదు.

ఉన్నది ఒక్క సాక్ష్యం. దాన్నీ కాపాడలేకపోయింది. ఈ చిల్లుల్ని ఆ వేళ్ళకు ఎలా అప్పజెప్పడం?

శాలువాల్లో కాస్త మందంగా ఉన్నది ఏరి, తీసుకెళ్ళి కప్పింది.

అత్తగారి చూపు మసక. వేళ్ళకు మసక లేదు.

"ఇది నీ మొగుడి సన్మానం. నాది తే."

"ఉతకాలత్తయ్యా. మిరపకాయల కారం..."

"కారంలో పుట్టి కారంలో పెరిగాను. తే."

డాబా మీద ఎంతసేపు దులిపినా చిల్లులు రాలవు. తెచ్చి ఇచ్చింది.

వేళ్ళు నడిచాయి. గుండీలు... మెడ... మోచేయి. అక్కడ ఆగాయి. చూపుడువేలు చిల్లులో మునిగి అటువైపు తేలింది.

"చిమ్మటేనా?"

"చిమ్మటే. నేనే... వేపాకు వెయ్యలేదు అత్తయ్యా."

వేలు ఇంకో చిల్లు వెతుక్కుంది. ఇంకోటి. ఇంకోటి...

"అయితే అసలు ఊలేనే! నైలానైతే చిమ్మట ముట్టదుగా!"

ముఖం వెలిగిపోయింది.

"ఆ కొట్టువాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానే, పాపం! నీకు నైలాను కట్టబెట్టానేమోనని ఇన్నేళ్ళూ... లోపల తొలిచేస్తూనే ఉందే, అమ్మాయ్."

మాధవీలత ఆ సన్నటి చేతుల్ని చిల్లుల మధ్య జాగ్రత్తగా నడిపించి తొడిగింది. గుండీలు పెట్టింది.

"చలి తగ్గిందా అత్తయ్యా?"

వణుకు ఉంది. వేలు మాత్రం మోచేతి చిల్లులో — వస్తూ, పోతూ...

కిటికీలోంచి గాలి. గాలిలో ఘాటు.

మాధవీలత కళ్ళు చెమ్మగిల్లాయి.

కారణం ఎవరూ అడగలేదు.