అలమరలో ఆఫీసు

నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. వినేవాళ్ళు డబ్బులిస్తారు గానీ, మా ఇంట్లో మాత్రం దాన్ని పని అనరు. ఈ అద్దింట్లో చప్పుడు లేని చోటు గోడ అలమర ఒక్కటే. దుప్పట్ల మధ్య కూర్చుని, తలుపేసుకుని, ఫోన్ ఆపేసి చదువుతాను. ఆ ఫోన్ ఆపడమే కొంప ముంచింది.

ఇంటి లోన్ నా ఒక్కదాని పేరు మీదే పెట్టాం. జీతం స్లిప్పు లేని మనిషిని కదా, మూడేళ్ళ పన్ను కాగితాలిచ్చినా బ్యాంకుకి నమ్మకం కుదరలేదు. మనిషిని పంపి నా పని చూస్తామన్నారు. శుక్రవారంలోగా లోన్ రాకపోతే మేం కొనాలనుకున్న ఇల్లు ఇంకొకరికి పోతుంది, ఇచ్చిన అడ్వాన్సుకు నీళ్ళొదులుకోవాల్సిందే.

ఆ వచ్చేదెప్పుడో చెప్పి ఏడిస్తే కదా. చెమటలు కక్కుతూ పదకొండో అధ్యాయం ముగించి నేను బయటపడేసరికి, మా అత్తగారు వీధి తలుపు వేస్తున్నారు.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో బ్యాంకతను. మీ కోడలు ఏం పని చేస్తారని అడిగాడు. ఏమీ చేయదు బాబూ, ఇంట్లోనే ఉంటుంది అన్నాను. రాసుకుని వెళ్ళాడు."

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, స్కూటర్ తిప్పుతున్నవాణ్ణి ఆపాను.

"మూడుసార్లు ఫోన్ చేశాను మేడమ్, స్విచాఫ్," అన్నాడతను.

బతిమాలి పైకి తీసుకొచ్చి అలమర తెరిచి చూపించాను. మైకు, దుప్పట్లు, మా ఆయన కోటు. అతని మొహంలో నమ్మకం మచ్చుకైనా లేదు.

"దీన్ని ఆఫీసంటే మావాళ్ళు నవ్వుతారు. పైగా పెద్దావిడే పని లేదన్నారు. రాసింది కొట్టేయడానికి లేదు. ఆవిడే మార్చి చెప్పి సంతకం పెడితే కింద రాస్తాను."

ఆ మాటలకి లోపలిగదిలోంచి మా ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. కొడుకు సంపాదన మీదే ఇల్లు నడుస్తోందని నలుగురిలో చెప్పుకుంటూ వస్తున్న మనిషి మా అత్తగారు. నాకు ఒళ్ళు మండుతోంది, భయమూ వేస్తోంది.

ఆవిడ కొడుకు వైపు చూడలేదు.

"పొద్దున్నే అందులో దూరితే మధ్యాహ్నందాకా బయటికి రాదు బాబూ. మావాడికి ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదు. ఈ పిల్ల చదివితేనే మేం తింటున్నాం. ఇలాగే రాసుకో. సంతకం ఎక్కడ?"

బ్యాంకతను జేబు తడుముకునేలోపే, మా ఆయన తన పెన్ను తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు.